రెండు పేర్ల మనుషులు: గని ప్రమాదాల్లో పోయినవారి జాబితా ఎక్కడ మొదలుపెట్టాలి?

నల్లనేల (చర్చ మొదలుపెట్టిన సభ్యుడు)

అందరికీ నమస్కారం. మాది గోదావరిఖని. నాన్న సింగరేణి కార్మికుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను.

2003 జూన్ 16న జీడీకే (గోదావరిఖని) 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది చనిపోయారు. సరిగ్గా నాలుగు నెలలకు, అక్టోబరు 16న, జీడీకే 8ఏ గనిలో పైకప్పు కూలి మరో 10 మంది పోయారు. నేను అప్పుడు ఎనిమిదో తరగతి. నాన్న పనిచేసేది వేరే గనిలో. ఆ సంగతి తెలిసి కూడా జూన్‌లో ఆ రోజు అమ్మ ఆయన గని దాకా నడిచి వెళ్లి, సైకిళ్ల స్టాండులో నాన్న సైకిలు చూసి వచ్చింది. సైకిలు అక్కడ ఉందంటే మనిషి కిందే ఉన్నాడని అర్థం. దాన్ని చూసి ఆమెకు ఏం ధైర్యం వచ్చిందో నేను ఎప్పుడూ అడగలేదు.

పోయిన నెల తరగతిలో ఈ రెండు ప్రమాదాల ప్రస్తావన వచ్చింది. సగం మందికి పైగా గని కార్మికుల పిల్లలు, మనవలు. ప్రమాదం జరిగిందని అందరికీ తెలుసు. చనిపోయిన వారిలో ఒక్కరి పేరైనా చెప్పమంటే ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత నన్ను నేను ప్రశ్నించుకున్నాను. గని పేరు, తేదీ, సంఖ్య అన్నీ తెలిసిన నాకు కూడా ఒక్క పేరు రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ 27 మంది పేర్లు, ఊళ్లు, చేసిన పని, ఇంటివాళ్లు చెప్పే నాలుగు మాటలు సేకరించి ఒకచోట ఉంచాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇలాంటి పని చేసినవారు ఎవరైనా ఉంటే దారి చూపండి.

ఓవర్‌మన్ తాత

బాబూ, నేను బొగ్గు నింపే కోల్ ఫిల్లర్‌గా తట్టా చెమ్మస్ (పార) పట్టి చేరి, సర్దార్‌నై, ఆపై పని చూసుకునే ఓవర్‌మన్‌గా దిగిపోయాను. మీరు తలపెట్టిన పని మంచిది. ఒక మాట మాత్రం మొదటే చెప్పాలి.

గనుల భద్రత శాఖ లెక్కల్లో పదిమంది, అంతకు మించి పోతే అది పెద్ద దుర్ఘటన. నలుగురి నుంచి తొమ్మిది మంది దాకా పోతే ఇంకో వర్గం. మీరు చెప్పిన రెండూ పెద్ద జాబితాలో ఉన్నాయి కాబట్టి తేదీతో సహా మీకు దొరికాయి. ఒక్కడే పోయినవాడి సంగతి ఏమిటి? వాడు ఆ సంవత్సరం మొత్తంలో ఒక అంకె. నా సర్వీసులో నేను చూసిన చావులన్నీ ఒక్కొక్కటిగా వచ్చినవే. ఒకసారి బండ పడి, ఒకసారి తాడు తెగిన టబ్బు (బొగ్గు బండి) గుద్ది, ఒకసారి పేలకుండా మిగిలిన మందు తర్వాత పేలి.

షిఫ్టు మొదట్లో కర్రతో గని పైకప్పు తట్టి చూస్తాం. గట్టి బండ అయితే గంట కొట్టినట్టు ఖంగుమంటుంది. డొల్లబోయిన బండ కుండను తట్టినట్టు మోగుతుంది. ఆ డొల్ల చప్పుడు విని మనుషులను పక్కకు లాగిన రోజులు ఉన్నాయి. వినబడని రోజు ఒకటి ఉంది. ఆ రోజు పోయిన మనిషి పేరు మీ జాబితాలో ఉండదు, ఎందుకంటే ఆయనతోపాటు ఇంకో తొమ్మిది మంది పోలేదు.

27తో మొదలుపెట్టండి, వద్దనను. అక్కడే ఆపకండి.

బెల్లంపల్లి ఆడబిడ్డ

తాతా, మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా బాపు అలా ఒంటరిగా పోయినవాడే. 1991లో, నాకు ఆరేళ్లు. ఏ గని అనేది ఇక్కడ రాయను.

మా ఇంట్లో ఇంకో చిక్కు ఉంది. ఈ ప్రాంతం వాళ్లకు వెంటనే అర్థమవుతుంది, మిగతావారి కోసం చెబుతున్నాను. అప్పట్లో ఒకరి పేరున వచ్చిన ఉద్యోగంలో మరొకరు చేరడం ఉండేది. మారుపేరు అంటాం. ఇంట్లో ఒక పేరు, బాయి (గని) మీద ఒక పేరు. మా బాపు తన మేనబావ పేరుతో పనిచేశాడు. హాజరు పుస్తకంలో ఆ పేరే, జీతం చీటీలో ఆ పేరే. చివరికి పంచనామాలో కూడా ఆ పేరే రాశారు. ఆ మేనబావ బతికి ఉండగానే ఆయన పేరున మరణ ధ్రువపత్రం పుట్టింది. మా బాపు మాత్రం ఏ కాగితంలోనూ చనిపోలేదు.

మీరు కాగితాల నుంచి పేర్లు తీసి రాస్తే, మా బాపులాంటివాళ్లు మళ్లీ తప్పిపోతారు. దయచేసి కాగితంతో ఆపకుండా ఇంటికి వెళ్లి అడగండి.

పాత కాగితాలు

నేను హైదరాబాద్‌లో గ్రంథాలయ వృత్తిలో ఉన్నాను. పైన అక్క చెప్పినది నూరుపాళ్లు నిజం, కాగితం సగమే చెబుతుంది. ఆ సగం కూడా చెదిరిపోతోంది కాబట్టి, ఏ కాగితం ఎక్కడ ఉండవచ్చో చెబుతాను.

2003 ప్రమాదాలకు మొదటి ఆధారం ఆనాటి దినపత్రికల జిల్లా అనుబంధాలు. ప్రధాన సంచికలో సంఖ్య ఉంటుంది, అనుబంధంలో పేర్లు, ఊళ్లు ఉంటాయి. మరుసటి రోజు ఒక్కటే చూసి వదిలేయకండి. ఇలాంటి ప్రమాదంలో మృతదేహాలను బయటకు తీయడానికి రోజులు పడుతుంది, మొదటి రోజు అచ్చయిన పేర్లలో తప్పులుంటాయి. కనీసం నెల రోజుల సంచికలు వరుసగా తిప్పాలి. ఆ తర్వాత ఏడాది అదే తేదీ చుట్టూ కూడా చూడండి, కుటుంబాలు నివాళి ప్రకటనలు వేయించి ఉంటే ఫొటోలు దొరుకుతాయి. పత్రికల కోసం అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, కార్మిక సంఘాల కరపత్రాలు, పాత సంచికల కోసం బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం వెళ్లి అడగండి.

గనిలో పనిచేసే ప్రతి మనిషికీ చట్టప్రకారం బి ఫారం రిజిస్టరులో ఒక వరుస ఉండేది. తండ్రి పేరు, ఊరు, వయసు, చేరిన తేదీ అందులోనే. పోలీసు పంచనామా, పరిహారం కోసం వేసిన కేసు దస్త్రం మరో రెండు. పరిహారం దస్త్రాలు నాకు ప్రత్యేకంగా ఇష్టం. 1923 నాటి పరిహార చట్టం కింద ఆధారపడిన వారెవరో రుజువు చేసుకోవాల్సి వచ్చేది కాబట్టి, భార్య వాంగ్మూలం, పిల్లల వయసులు, ముసలి తల్లి వేలిముద్ర అన్నీ ఆ కట్టలో ఉంటాయి. ఒక మనిషి చుట్టూ ఎవరెవరు బతికారో చెప్పే కాగితం ఇంకొకటి లేదు.

ఇంకా వెనక్కి వెళ్లదలచుకుంటే, ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. నిజాం కాలపు ప్రభుత్వ దస్త్రాలు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, అయితే చాలావరకు ఫారసీ, ఉర్దూ. చదవగలిగినవారు రోజురోజుకూ తగ్గిపోతున్నారు. ఆ పని వేరే, దానికి వేరే మనుషులు కావాలి.

పది రూపాయలు

సమాచార హక్కు దరఖాస్తులు రాయడం నాకు అలవాటైన పని. నల్లనేల గారికి పనికొచ్చే ఒక సెక్షన్ ఉంది.

దరఖాస్తు వేయగానే చాలాసార్లు ‘ఇవ్వడానికి వీల్లేదు’ అని 8వ సెక్షన్ చూపిస్తారు. అదే 8వ సెక్షన్‌లో మూడో ఉపవిభాగం చదవండి. దరఖాస్తు నాటికి 20 ఏళ్లు దాటిన సంఘటన అయితే, దేశ భద్రతలాంటి రెండు మూడు మినహాయింపులు తప్ప మిగతావి వర్తించవు. 2003 ప్రమాదాలకు 2023లోనే 20 ఏళ్లు నిండాయి. కాబట్టి దరఖాస్తులోనే ఆ ఉపవిభాగాన్ని ఉదహరించండి. రుసుము పది రూపాయలు, గడువు 30 రోజులు. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు.

‘ప్రమాదం గురించి పూర్తి సమాచారం ఇవ్వండి’ అని రాస్తే ఏమీ రాదు. విచారణ నివేదిక నకలు, మృతుల జాబితా నకలు, ఆ రోజు నాటి గని ప్లాన్ (లోపలి తవ్వకాల పటం) నకలు అని విడివిడిగా, కాగితం పేరుతో అడగాలి. గనుల భద్రత డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం ధన్‌బాద్‌లో ఉంది, అక్కడికి ఒకటి, సింగరేణి సంస్థకు ఒకటి వేయండి. ఒకచోట లేదన్నది ఇంకోచోట దొరికిన సందర్భాలు నాకు తెలుసు.

మందమర్రి మిత్రుడు

నేను అడ్డు చెబుతున్నందుకు క్షమించండి. చెప్పక తప్పదు.

మారుపేరు సంగతి అందరూ చదివే చోట రాయడం ఎంత ప్రమాదమో ఆలోచించారా? ఆ పేరు మీదే కొడుక్కి వారసత్వ ఉద్యోగం వచ్చి ఉండవచ్చు. అదే పేరు మీద పింఛను వస్తూ ఉండవచ్చు. మీరు మంచి మనసుతో అసలు పేరు అచ్చువేస్తే, ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని ఫిర్యాదు చేస్తే ఆ ఇంటి అన్నం పోతుంది. పోయిన మనిషి పేరు నిలబెట్టడానికి బతికున్నవారిని రోడ్డున పడేస్తామా?

రెండోది. మా పక్కింటి పెద్దమ్మ భర్త గనిలో పోయాడు. ఆమె రెండో పెళ్లి చేసుకుని, వేరే ఊళ్లో, వేరే జీవితంలో ఉంది. ఆమె తలుపు తట్టి ‘ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి’ అనే హక్కు మనకు ఎవరిచ్చారు?

బెల్లంపల్లి ఆడబిడ్డ

అన్నా, మీరు అడిగినది తప్పు కాదు. మా ఇంట్లో ఈ భయం ఇరవై ఏళ్లు ఉంది. అన్నయ్యకు ఉద్యోగం రావడానికి కోర్టుల చుట్టూ తిరిగాం, అందుకే నేను గని పేరు రాయలేదు.

ఒక్క మాట మాత్రం వినండి. ఎవరూ అడగకపోవడం వల్ల గాయం మానదు. మా అమ్మ నాతో బాపు గురించి మాట్లాడింది నాకు పెళ్లయ్యాక, అదీ ఒకే ఒక్కసారి. ఎందుకమ్మా ఇన్నాళ్లూ చెప్పలేదంటే, ‘ఎవరు అడిగిండ్రు బిడ్డా’ అంది. చెప్పాలో వద్దో ఆమెను తేల్చుకోనివ్వండి. మనమే ఆమె తరఫున తేల్చేసి తలుపు దగ్గరే ఆగిపోవద్దు.

అచ్చు వేసే విషయంలో మీరే సరి. రాసి పెట్టడం వేరు, బయట పెట్టడం వేరు.

హడ్సన్ తీరం

నేను న్యూజెర్సీలో ఉంటాను. నా స్వస్థలం కొత్తగూడెం. ఈ చర్చ చదువుతుంటే నాకు ఇక్కడి ఒక సంగతి గుర్తొచ్చింది.

1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ అనే కుట్టుపని కర్మాగారంలో మంటలు లేచి 146 మంది చనిపోయారు. అందులో 123 మంది ఆడవాళ్లు, అమ్మాయిలు. ఎనిమిది, తొమ్మిది, పది అంతస్తుల్లో కర్మాగారం, తొమ్మిదో అంతస్తులో ఒక తలుపు తాళం వేసి ఉంది. ఈ కథ ఇక్కడ పిల్లలు కూడా చదువుకుంటారు. అంత ప్రసిద్ధమైన ప్రమాదంలో కూడా ఆరుగురి పేర్లు వందేళ్ల పాటు ఎవరికీ తెలియవు. గుర్తుపట్టలేని దేహాలుగా బ్రూక్లిన్‌లోని శ్మశానంలో పూడ్చేశారు. మైఖేల్ హిర్ష్ అనే పరిశోధకుడు ఆనాటి పత్రికలు, వలస వచ్చినవారి భాషల్లో అచ్చయిన యిడ్డిష్, ఇటాలియన్ పత్రికలతో సహా, ఒక్కొక్కటి గాలించి, వారసులను వెతికి 2011 నాటికి ఆ ఆరు పేర్లూ తేల్చాడు. ఇంగ్లీషు పత్రికలతోనే ఆగి ఉంటే ఆ పని అయ్యేది కాదు.

ఇంకొకటి చూస్తే మీకు నచ్చుతుంది. 2004 నుంచి ప్రతి మార్చి 25న జనం సుద్దముక్కలు పట్టుకుని, చనిపోయిన ఒక్కొక్కరూ ఏ ఇంట్లో ఉండేవారో ఆ ఇంటి ముందు కాలిబాట మీద పేరు, వయసు రాస్తారు. నేను ఒకసారి వెళ్లాను. రాసినవి వానకు చెరిగిపోతాయి, మరుసటి ఏడాది మళ్లీ రాస్తారు. శాశ్వత స్మారకం 2023 అక్టోబరులో గానీ రాలేదు. నూట పన్నెండేళ్లు! అంతకు ముందు దాదాపు ఇరవై ఏళ్లు ఆ జ్ఞాపకాన్ని మోసింది సుద్దముక్కలే.

మన దగ్గర ఇంటి ముందు ముగ్గు ఉంటుంది. నేను ఇంతకంటే చెప్పను, ఆ ఇళ్లవాళ్లే ఆలోచించుకోవాలి.

విశాఖ కెరటం

ఇది గని మాట కాదు, అయినా చెబుతాను. 1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీలో గ్యాస్ మంటల్లో సుమారు 60 మంది, 2012 జూన్ 13న ఉక్కు కర్మాగారంలో పేలుడులో 19 మంది చనిపోయారు. మీకు కనీసం బి ఫారం రిజిస్టరు ఉంది. ఒప్పంద కార్మికుడైతే గేటు పాసు తప్ప ఏమీ ఉండదు, అదీ గుత్తేదారు దగ్గరే. మీ జాబితాలో కాంట్రాక్టు వారికి ముందే చోటు పెట్టండి. వారి గురించి ఇప్పుడే అడగాలి, ఇరవై ఏళ్లు ఆగితే అడగడానికి కాగితం ఉండదు.

ఓవర్‌మన్ తాత

పేర్ల దగ్గర అందరం ఏకమయ్యాం. కారణం గురించి ఎవరూ మాట్లాడలేదు, నాకు అది ముఖ్యం.

2017 దాకా అమల్లో ఉన్న 1957 నాటి బొగ్గు గనుల నిబంధనల్లో 127వది నీటి ప్రమాదం గురించే. వదిలేసిన పాత పనులకు (పాత తవ్వకాలకు) 60 మీటర్ల లోపు వెళ్లాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి కావాలి. తవ్వే ముఖానికి (తవ్వకం సాగుతున్న బొగ్గు గోడకు) ముందు కనీసం 3 మీటర్ల మేర రంధ్రాలు కొట్టుకుంటూ, నీళ్లు తగులుతాయా అని చూసుకుంటూ పోవాలి. అంటే 2003 కంటే ఎంతో ముందే ఈ ప్రమాదం ఎలా వస్తుందో కాగితం మీద ఉంది. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలో పైనున్న పాత పనుల్లో నిలిచిన నీళ్లు కిందకు పడ్డాయి. అక్కడ పోయినవారు కొన్నిచోట్ల 372, కొన్నిచోట్ల 375 అని ఉంటుంది. ఆ ముగ్గురు ఎవరు? ఉన్నారా, లేరా? ఇన్నేళ్ల తర్వాత కూడా రెండు లెక్కలు ఉండటం నాకు మింగుడుపడదు.

భూమి కింద మనిషికి కళ్లు ప్లానే. పాత పనులు ఎక్కడి దాకా వెళ్లాయో ప్లాన్‌లో తప్పు పడితే, యాభై ఏళ్ల కిందటి సర్వేయరు గీసిన గీత ఈనాటి మనిషిని చంపుతుంది. అందుకే పేర్ల పక్కన ఆ రోజు నాటి ప్లాన్, విచారణలో తేలిన కారణం కూడా పెట్టండి. ‘వీరమరణం’ అని రాసి పూలదండ వేసి ఊరుకుంటే, కొత్తగా చేరిన కుర్రాడికి అందులో నేర్చుకునేది ఏమీ ఉండదు.

మందమర్రి మిత్రుడు

పెద్దాయనా, కారణం రాస్తే బాధ్యులెవరు అనే గొడవ మొదలవుతుంది. పని ఆగిపోతుంది.

పాత కాగితాలు

విచారణ నివేదికలో ఉన్న మాటను ఉన్నట్టు ఎత్తి రాయండి. ఇంటివాళ్లు చెప్పిన మాటను వాళ్ల మాటగా రాయండి. రెండింటి మధ్య తేడా ఉంటే ఆ తేడాను కూడా అలాగే ఉంచండి, మీరు సర్దవద్దు. అప్పుడు గొడవకు చోటు తక్కువ.

గొంతు రికార్డు చేసేటప్పుడు రెండు మూడు జాగ్రత్తలు. ప్రమాదం రోజుతో మొదలుపెట్టవద్దు. ఆయన ఏ ఊరి నుంచి వచ్చారు, ఏం తినేవారు, ఏ షిఫ్టు అంటే ఇష్టం, ఇలా మొదలుపెట్టండి. ఆ రోజు దగ్గరికి వాళ్లే వస్తారు, రాకపోతే రానివ్వండి. గోడ మీది ఫొటోను ఇంటికి తీసుకెళ్లి స్కాన్ చేసి ఇస్తానని అడగవద్దు, అక్కడే ఫోనుతో తీసుకోండి. ఇచ్చిన ఫొటో తిరిగి రాని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. రికార్డు చేసిన దాని నకలు ఆ ఇంట్లో ఒకటి ఇచ్చి రండి.

నల్లనేల

అందరి మాటలూ కాగితం మీద రాసుకున్నాను. నిన్న, మొన్న కూర్చుని ఒక మనిషికి ఒక కార్డు చొప్పున నమూనా తయారుచేశాను.

పేరు గడిని రెండుగా చీల్చాను. ఒకటి ఇంటి పేరుతో సహా ఊళ్లో పిలిచే పేరు, రెండోది బాయి మీద పేరు. ఏది బయటపెట్టవచ్చో ఇంటివాళ్లే గీత పెడతారు, గీత లేనిది మా దగ్గర కూడా తాళంలోనే ఉంటుంది. ఈ మాట మందమర్రి అన్న వల్ల వచ్చింది, ఆయనకు కృతజ్ఞతలు. కారణం గడిలో నివేదిక మాట ఒకవైపు, తోటి కార్మికుల మాట మరోవైపు. పర్మినెంటా, కాంట్రాక్టా అనే గడి కూడా చేర్చాను.

ఒకే మనిషి పోయిన ప్రమాదాలకు విడిగా ఒక దొంతర పెడుతున్నాను. దానికి పేరు పెట్టలేదు. తాతా, మీకు వినబడని రోజు పోయిన మనిషి కార్డు మీ చేతితోనే రాస్తారా?

సమాచార హక్కు దరఖాస్తులు రెండూ సోమవారం పోస్టులో వేస్తాను.

ఓవర్‌మన్ తాత

రాస్తాను. చేయి వణుకుతోంది, మనవరాలితో రాయించి కింద సంతకం పెడతాను.

బెల్లంపల్లి ఆడబిడ్డ

నిన్న అమ్మ దగ్గరికి వెళ్లి నమూనా కార్డు చదివి వినిపించాను. రెండు పేర్లూ చెప్పింది. బయట పెట్టడానికి ఒప్పుకోలేదు, లోపల ఉంచమంది. అలాగే ఉంచండి.

పని అనే గడి దగ్గర ఆగింది. కాగితాల్లో బదిలీ ఫిల్లర్ (రానివారి బదులు బొగ్గు నింపేవాడు) అని ఉంది. అమ్మ ఒప్పుకోలేదు. ‘రెండేండ్ల సంది కట్టెలు నిలబెట్టే పనే చేసిండు, టింబర్‌మన్ అని రాయించు’ అంది. పేరు విషయంలో ఇన్నేళ్లూ సర్దుకున్న మనిషి పని విషయంలో మాత్రం అసలు తగ్గలేదు. ఇది నిజమో కాదో ఎలా తేల్చాలి?

ఓవర్‌మన్ తాత

చెల్లెమ్మా, ఆ ఏడాది, ఆయన దిగిన షిఫ్టు, దొరికితే ల్యాంపు నంబరు నాకు విడిగా పంపు. కప్పు కింద దిమ్మలు నిలబెట్టినవాళ్లు జతగా పనిచేస్తారు. జతగాడు ఒకడు ఉండే ఉంటాడు. నాకు తెలిసిన టింబర్‌మన్లు నలుగురు ఇంకా ఉన్నారు, అడుగుతాను.

నల్లనేల

అక్కా, పని గడిని కూడా రెండు వరుసలు చేశాను.